దేవుని గదిలో ఫ్రిజ్

మా చెల్లెలు బస్సెక్కిందట, ఎర్రగుంట్ల దాకా గుంతల రోడ్డట, ఆ కుదుపులకు కడుపులో పెట్టిన పిండం జారిపోయిందట. దాని అత్తగారింట్లో ఈ కథే చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. అది బస్సెక్కిందే, కడుపు నిలవలేదని పరీక్షలో తేలాక.

"జారేదానికి అదేమన్నా పత్తికొండ మార్కెట్లో గంపలో టమోటానా?" అని దాని అత్తను అడిగేశాను.

"నీ నోటికో దండం తల్లీ" అని ఆమె లోపలికి పోయింది.

అబద్ధాన్ని కొట్టేయడానికి లేచిన నోరు, నిజం చెప్పడానికి లేవలేదు. నిజం జరిగింది మా ఇంట్లో.

కర్నూలులో ఆసుపత్రి మాకు దగ్గరని, గడ్డకట్టించి దాచిన పిండాన్ని పెట్టించుకుని చెల్లెలు నా దగ్గరే ఉండిపోయింది. దానికి చేసిన పద్ధతిలో కడుపును నిలబెట్టే హార్మోన్ ఒంట్లో తనంతట తాను ఊరదు. మందుగా ఇవ్వాల్సిందే. పొద్దునా రాత్రీ లోపల పెట్టుకునే మాత్రలు. మా ఎండలకు మెత్తబడతాయని ఫ్రిజ్‌లో ఉంచాం. ప్లగ్ పాయింట్ అక్కడే ఉందని మా ఫ్రిజ్ దేవుని గదిలో ఉండేది. ముట్టై బయట ఉన్నప్పుడు ఆ గడప దాటకూడదని మా అత్త పెట్టిన నియమం. ఆమె పోయినా అది పోలేదు. కాలేజీలో ఆడపిల్లలకు ఇలాంటివాటి మీద ఉపన్యాసాలిచ్చే నేను, ఇంట్లో మారుమాట్లాడకుండా పాటించాను.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి చెల్లెలు వరండాలో చాప మీద కూర్చుని ఉంది.

"ఈడ కూర్చున్నావేమే?"

"రాత్రి పండుకునే ముందర రొంత మరక కనపడిందక్కా."

"మరి మాత్ర?"

తల వంచుకుంది. "నేనెట్లా పోయేది ఆ గదిలోకి? పొద్దున నువ్వప్పటికే పోయింటివి, బావ ఉన్న్యాడు. ఆ మాత్ర తెచ్చియ్యమని బావనెట్లా అడిగేది?"

"రాత్రి నేను ఇంట్లోనే ఉంటి కదే!"

"నువ్వు ఫోన్లో ఎవరితోనో కొట్లాడతాంటివి."

కాళ్లైనా కడుక్కోకుండా పోయి మాత్ర తెచ్చిచ్చాను. మరక కనపడితే అది ముట్టేనని ఎవరు చెప్పారు, అడగకుండా మందెందుకు ఆపారు అని డాక్టరమ్మ మందలించింది. పరీక్షలో లేదని తేలాక, మాత్రలు తప్పినందుకేనా అని అడిగాను.

"చెప్పలేమమ్మా. ఆ పిండం ఎట్లా అయినా నిలిచేది కాదేమో."

అది ఓదార్పో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆసుపత్రిలో ఇంకొక పిండం ఉంది. అదే ఆఖరుది. మొన్న ఫోన్ చేసి, "ఫ్రిజ్ హాల్లోకి తెచ్చినానే, వచ్చేయ్" అన్నాను.

"శానా మంచి పని చేసినావక్కా. ఈసారి నేను ఈడ్నే ఉండి మాత్రలకు బదులు సూదులేయించుకుంటా" అంది, మెల్లగా.

మరక కనపడిన ఆ రాత్రి నేను పక్క గదిలోనే ఉన్నాను. అక్కా అని ఒక్క పిలుపు చాలు, లేచేదాన్ని. ఎందుకు పిలవలేదు? పిలిచినా నేను తెచ్చివ్వననుకుందా?