తేట వంచే దొరసాని

యాభైల చివర్లో అనంతపురం ఆడపిల్లల హాస్టలుకు సీటు అడగడానికి అమ్మతో పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. మా ఊళ్లో ఐదో తరగతితో బడి అయిపోయేది. సీటు రాకపోతే శనక్కాయలు ఒలిచే కూలికి పంపుతానని నాయన ముందే చెప్పేశాడు.

హాస్టలు చూసుకునే టీచరమ్మ గదిలో గోడకు ఒక గీతల బొమ్మ ఉండేది. ఎవరో దొరసాని, కాళ్లదాకా గౌను, ఒక చేతిలోని కూజా వంచి ఇంకో చేతిలోని కూజాలోకి పోస్తోంది.

"ఇదొక మంచి గుణం బొమ్మ. ఏ గుణమో చెప్పు చూద్దాం" అంది టీచరమ్మ.

నాకు ఆలోచించే పనే లేకపోయింది. "ఓర్పు" అన్నాను.

"ఎట్లా?"

"అవి బురద నీళ్లు టీచర్. వంక ఇసకలో గుంత తవ్వి చెలమ తోడి తెచ్చినాక చిల్లగింజ అరగదీసి కలపాల. మట్టి అడుక్కి దిగేదాకా ముట్టుకోకూడదు. ఆపైన కదపకుండా తేట వంచాల. ఈమెకు చాతకాదు. అంత వంచితే మట్టి గూడా వస్తాది."

టీచరమ్మ పడీపడీ నవ్వింది. ఆ గుణం మితమట. దొరల దేశాల్లో మత్తు మితిమీరకుండా ద్రాక్షసారాయిలో నీళ్లు కలుపుకొని తాగుతారట, ఆమె చేస్తున్నది ఆ పనట. తాగడానికే నీళ్లు లేని సీమలో పిల్లల్ని అడగాల్సిన ప్రశ్నేనా అది? ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. తేరిన చెలమ నీళ్ల రుచి ఆవిడకేం తెలుసు! ఆ చల్లదనం కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.

నవ్వు ఆపి ఆవిడ, "అయితే మీ ఊరి బావి ఎండిపోయిందా? చెలమ ఎంత దూరం?" అని అడిగింది. కిందటేడు ఇద్దరు పిల్లల్ని నీళ్లు మోయడానికని చదువు నడిమధ్యలో ఇంటికి పిలుచుకుపోయారట. అలాంటి ఇళ్ల పిల్లలకు ఇక సీటు ఇవ్వనంది.

నా నోరే నా కొంప ముంచింది. చెలమ మాకు రెండు మైళ్లు. రోజూ పొద్దున్నే అమ్మ రెండు కడవలు, నేను ఒకటి తెచ్చేవాళ్లం.

నేను నోరు తెరిచేలోగా అమ్మ నా జబ్బ గట్టిగా గిల్లింది.

"అది పోయిన యేటి మాటమ్మా. ఇప్పుడు మా ఇంటి ముందరే బాయి ఉండాది. చెయ్యి పెడితే అందుతాయి నీళ్లు. ఈ పాపతో మాకు పనేమీ లేదు."

అబద్ధమాడితే వాతలు పెడతానని మమ్మల్ని పెంచిన మనిషి. కళ్లు కూడా ఆర్పకుండా చెప్పింది.

సీటు వచ్చింది. ఆరేళ్లు చదువుకున్నాను. ఆ ఆరేళ్లూ నా ఒక్క కడవ కోసం అమ్మ రోజూ రెండోసారి వంకకు పోయేది. సెలవుల్లో నేను కడవ ఎత్తుకుంటే చేతిలోంచి లాక్కునేది.

"నీతో పనేమీ లేదని ఆ యమ్మకు చెప్పినా గదే. నా మాట అబద్ధం చేస్తావా?"