గంట తర్వాత ఇంకో చుట్టు

ఈ ఎడారి దేశంలో, దార్సైట్ అనే పేటలో నేను వంట చేసే ఇంటి కిటికీలోంచి బడి మైదానం కనబడుతుంది. మొన్న పరుగు పందెంలో చివరి చుట్టు గంట కొట్టగానే పిల్లలంతా ఇంకా వడిగా ఉరికారు, నా చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది. నాకు సంతకం తప్ప అక్షరం రాదు, ఈ ఇంటమ్మ రాసిపెడతానంటే చెబుతున్నాను. ఈ దేశం వచ్చి తల నెరిసిన నా తోటివాళ్ళకు అర్థమవుతుంది.

మా ఆయన జగిత్యాల వైపు పల్లెల్లో పేరున్న పరుగువాడు. ఒక్క ఉరుకున అయిపోయే పరుగు కాదు, పొద్దంతా సాగేదీ కాదు, ఆ రెంటికీ నడిమిది. ముందే ఉరికితే చివర కూలబడతారు, వెనకే ఉంటే అందుకోలేరు, ఆ లెక్క కాళ్ళకే తెలియాలనేవాడు. పెళ్ళిచూపుల్లో మా మేనత్త, ఈ పిల్లగాడు తిన్నదంతా పిక్కలకే పోతుందేమోనని నవ్వింది.

ఇక్కడికొచ్చాక ఆ పిక్కలు అల్ అమెరాత్ అనే చోట ఇళ్ళు కట్టే సైట్‌లో ఇటుకలు మోశాయి. ఆయన కంపెనీ రూమ్‌లో, నేను పనింట్లో, సెలవు దొరికే శుక్రవారం మాత్రమే మొగుడూ పెళ్ళాలం. ఒక ఎండాకాలం సైట్‌లో కళ్ళు తిరిగి పడ్డాడు, ఇంకా ఎండలో ఉంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ చలికాలం కంపెనీవాళ్ళు పరుగు పందెం పెట్టి, గెలిచినవాణ్ణి నీడపట్టున స్టోర్ పనిలో వేస్తామన్నారు. ఇక్కడి కృష్ణుడి గుడిలో మొక్కుకుని నేనూ వెళ్ళాను.

మా ఆయనే ముందు, మిగతావాళ్ళు ఎక్కడో దుమ్ములో. అప్పుడు గంట మోగింది. మా వైపు గంట కొట్టారంటే పందెం ముగిసినట్టే. ఆయన ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, జనంలో నన్ను వెతికి నవ్వాడు. నేనూ కళ్ళు తుడుచుకుని నవ్వాను. ఇక్కడ గంటంటే ఇంకో చుట్టుందని మాకెవరు చెప్పారు? రూమ్‌లో ఆయనతో ఉండే మనిషి పక్కనుంచి ఉరుకుతూ, "ఏందన్నా, గప్పుడే దుకాణం బంద్ జేసినవా? ఇంకో చుట్టున్నది" అన్నాడు. ఆయన మళ్ళీ ఉరికాడు కానీ, ఒకసారి సడలిన కాళ్ళు కదా, మూడోవాడుగా వచ్చాడు. స్టోర్ పని ఇంకొకరికి పోయింది.

బస్సు కోసం నిలబడి నేను ఏడుస్తుంటే ఒక్క మాటన్నాడు.

"గంట గొట్టినప్పుడు ముందున్నది నేనే గద. నువ్వు నవ్వినవు, నేను జూసిన. గంతసేపు మనం గెలిసినం."

మరుసటి ఎండాకాలం సైట్‌లో పడినవాడు మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం బయటి పని ఆపుతున్నారు, మంచిదే. గంటంటే ఏమిటో పిల్లలకు ముందే చెబుతున్నారు, అదీ మంచిదే. నాకు మాత్రం అందరూ ఉరుకుతుంటే మైదానంలో ఒక్క మనిషి నిలబడి నవ్వుతూ కనబడతాడు. ఈసారైనా ఉరకమని చెబుదామని నోరు తెరుస్తాను. ఆ నవ్వు చూశాక చెప్పబుద్ధి కాదు.