యాంబర్‌లో వేపపూత

వరంగల్‌లో నేను వృక్షశాస్త్రం చెప్పే డిగ్రీ కాలేజీకి తనిఖీ బృందం వస్తుందని తెలిసిన వారంలోనే, మా విభాగం హెడ్ ఎక్కడో ఎగ్జిబిషన్‌లో కొన్న పసుప్పచ్చ బిళ్ళ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. లోపల చిన్న తెల్లపువ్వు. చెట్టు జిగురు కోట్ల ఏళ్ళకు గట్టిపడితే యాంబర్ అవుతుందని పిల్లలకు చెప్పడమే తప్ప అందులో పువ్వును నేనెన్నడూ చూడలేదు. అది ఏ మొక్కల కుటుంబానిదో తేల్చమన్నాడు. సంతోషంతో వెంటనే ల్యాబుకు పరుగెత్తాను.

మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాను. రేకులు ఐదు. కేసరాలు పది, అన్నీ కలిసి గొట్టంలా ఉన్నాయి. అక్కడే ఆగిపోయాను. కాశిబుగ్గలో మా ఇంటి ముందు ఏటా ఉగాదికి ఊడ్చి పారబోసే పువ్వే అది. సూది కాల్చి బిళ్ళ అంచుకు ఆనించాను. నిజం యాంబరైతే సాంబ్రాణిలాంటి వాసన రావాలి. కాలిన ప్లాస్టిక్ డబ్బా కంపు కొట్టింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

"సార్, ఇది వేపపూత. పైది ప్లాస్టిక్" అన్నాను.

హెడ్ తల కూడా ఎత్తలేదు. "అయితే వేపకు తాత అని రాయి. జర తనిఖీ అయ్యేదాక ఊకో."

నేను రాయలేదు. ఆయనే ఓ లాటిన్ పేరు కల్పించి, చివర తన ఇంటిపేరు తగిలించి అద్దాల బీరువాలో పెట్టించాడు.

తనిఖీ రోజు బృందంలోని వృక్షశాస్త్ర నిపుణుడు భూతద్దంతో చాలాసేపు చూశాడు. కేసరాలెన్ని అని నన్నే అడిగాడు. పది అని, గొట్టంలా కలిశాయని, అది వేపేనని చెప్పేశాను. ఆయనకూ అర్థమైంది, ముఖంలోనే తెలిసింది. భూతద్దం జేబులో వేసుకుని, లేబుల్ మీద అక్షరాలు బాగున్నాయని మెచ్చుకుని, టీ తాగడానికి పోయాడు. ఇరవై ఏళ్ళు నేను గౌరవించిన చదువు ఇదేనా అనిపించింది.

ఆ తర్వాతి నెల ఇంటర్నల్ పరీక్షలో హెడ్ ఆ పువ్వు మీదే ప్రశ్న ఇచ్చాడు. పిల్లలంతా లేబుల్‌లో ఉన్నది దించేశారు. రఘునాథపల్లి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి మాత్రం కేసరాల గొట్టం బొమ్మ గీసి, ఇది వేప కుటుంబం, శిలాజంలా కనిపించడం లేదు అని రాసింది. పూర్తి మార్కులు వేశాను. హెడ్ వాటిని కొట్టేసి సున్నా చుట్టి, మార్కుల జాబితా మీద నన్ను సంతకం పెట్టమన్నాడు.

పెట్టనన్నాను. ఆమె జవాబుపత్రం, ఆమె గీసిన బొమ్మ పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాను. మార్కులు తిరిగొచ్చాయి. మరుసటి వారం నన్ను మొదటి సంవత్సరం ల్యాబుకు మార్చారు. బిళ్ళ బీరువాలోనే ఉంది. దాని ముందు నుంచి నడవాల్సి వస్తే ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటాను.