మొక్కుబడి తీగలు

"తాగొచ్చావా, సాంసనూ?"

కోదాడలో క్రైస్తవ ప్రార్థన కూడికల్లో పాట అయిపోగానే అక్కడి కమిటీని నడిపే పెద్దులు అడిగిన మాట ఇది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ముందు వరుసల ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సూర్యాపేటలో ఇళ్లకు కరెంటు వైరింగు చేసుకుంటూ, కూడికల్లో గిటారు వాయించే సాంసన్ నలభై మూడేళ్లలో కల్లు కూడా రుచి చూడలేదు. ఆ సాయంత్రం జారింది తీగ.

గిటారు మీద స్వరం ఏడ్చినట్టు పలకాలంటే తీగను వేలితో పక్కకు నెట్టి, పైస్వరం దాకా సాగదీసి, వదలాలి. వదిలాక అది బయల్దేరిన చోటికే రావాలి. కుదురుకున్న తీగ వస్తుంది. కొత్త తీగ రాదు, నెట్టిన ప్రతిసారీ కాస్త సాగి, కాస్త కిందికి పలుకుతుంది. అందుకే తెలిసినవాడెవడైనా కొత్త తీగలను రెండు రోజుల ముందే ఎక్కించి, చేత్తో లాగి, శ్రుతి చేసి, మళ్లీ లాగి, ఇక సాగబోమని అవి మొండికేసేదాకా సతాయిస్తాడు. మెడ చివర తీగలు కూర్చునే గాట్లలో పట్టేయకుండా పెన్సిల్ మొన రుద్దుతాడు. ఇవన్నీ సాంసన్‌కు వచ్చు. చేయనిస్తే కదా.

మునగాల దగ్గర నాట్లేసే బాలమ్మ, కొడుకు జ్వరం తగ్గిన ఏడాది నుంచి, ఏటా కూడికలప్పుడు కోదాడలో ఒక సెట్టు, మిర్యాలగూడలో ఒక సెట్టు గిటారు తీగలు మొక్కుబడిగా ఇస్తోంది. పాస్టర్ మత్తయ్య ఆ పొట్లాన్ని వేదిక మీద పెట్టి ప్రార్థన చేస్తాడు. అప్పటిదాకా విప్పకూడదు. ఆమెన్ అన్నాక జనం చూస్తుండగా ఎక్కించాలి, వెంటనే వాయించాలి. ఇన్నేళ్లూ సాంసన్ ఆ రోజుల్లో తీగను నెట్టడం మానేసి గట్టెక్కాడు. ఈసారి కొత్త పాటంతా ఆ ఏడుపు స్వరం మీదే నడుస్తుంది. మూడో చరణానికి కీబోర్డు వాయించే నవనీత అతని వైపు వంగి, "అన్నా, శ్రుతి తప్పినవ్. నువ్వు కోదాడల ఉన్నవా, నాగార్జునసాగర్ల ఉన్నవా?" అంది.

ఒప్పుకున్న నాలుగు వేలలో పదిహేను వందలు చేతిలో పెట్టి, మిగతాది ఆపేశాడు పెద్దులు. ఇంకో పదిహేను రోజుల్లో మిర్యాలగూడ కూడికలు. అక్కడా తీగ జారితే తాగుబోతన్న పేరు ఖాయం. ఆ పేరున్నవాణ్ని ఏ సంఘమూ పిలవదు.

"అయ్యగారూ, తీగలు రెండు రోజుల ముందియ్యండి" అని మత్తయ్యను బతిమాలాడు.

"దేవునికి పెట్టకముందే నువ్వెట్ల ముట్టుకుంటవ్? విశ్వాసంతోని వాయించు."

ఉక్కు తీగకు విశ్వాసం సంగతి తెలియదు. సాంసన్ బాలమ్మ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో మంచానికి కొత్త నవారు అల్లుతోంది.

"పెద్దమ్మా, దీని మీద ఇయ్యాల పండుకుంటే ఏమైతది?"

"గుంత పడతది. రేపు మల్ల బిగియ్యాలె, ఎల్లుండి మల్ల. తెల్వదా నీకు?"

"నా తీగలు గూడ గంతే."

బాలమ్మ చేయి ఆగింది. "మరి గిన్నేండ్లు సెప్పకపోతివి?"

"అయ్యగారు విప్పొద్దన్నడు."

"మొక్కింది నేనా, అయ్యగారా?"

కూడికలకు మూడు రోజుల ముందు ఆమె మత్తయ్యను ఇంటికి పిలిచి, కోడి కూరతో అన్నం పెట్టి, ప్రార్థన చేయించి, పొట్లం సాంసన్ చేతికిచ్చింది. తిన్న నోటితో మత్తయ్య కాదనలేకపోయాడు. మూడు రోజుల్లో తీగలు సాగి, అలసి, కుదురుకున్నాయి. మిర్యాలగూడలో ప్రతి స్వరమూ నెట్టినంత దూరం వెళ్లి, తిరిగి తన చోటికే వచ్చింది.

పాట కాగానే మత్తయ్య మైకు అందుకుని సాక్ష్యం చెప్పాడు: దేవుడు సాంసన్‌ను తాగుడు నుంచి విడిపించాడట. జనం చప్పట్లు కొట్టారు. కోదాడ నుంచి వచ్చిన పెద్దులు భుజం తట్టాడు. "మానేశావుగా, సంతోషం."

"మరి నా పైసలు?"

"తాగిన రోజువి ఎలా ఇస్తాం, సాంసనూ?"

కోదాడ కమిటీ అతనికి రెండు వేల అయిదు వందలు ఇంకా ఇవ్వాలి.