ఇరవై అయిదు మిల్లీగ్రాముల నిద్ర

మా తమ్ముణ్ణి బజారంతా చిన్నముల్లు అంటుంది. నేను పెద్దముల్లుని. త్రాసుకు ఒక్క ముల్లే గదా ఉండేది, రెండెక్కడివని కొత్తవాళ్ళు అడుగుతారు. గడియారానికి రెండుంటాయి. నలభై ఏళ్ళుగా ఒకడి వెనక ఒకడం తిరుగుతూనే ఉన్నాం, ఆ పేర్లు అలా అతుక్కుపోయాయి. మా పని త్రాసుల మరమ్మతు.

నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి వాడి దగ్గరికి వస్తాను. ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. లెక్కల్లో నన్ను మించినవాడు ఆ బడిలో అప్పుడు లేడు, తర్వాత పుట్టినట్టూ వినలేదు. పందొమ్మిదేళ్ళకే లారీలను తూచే పెద్ద కాటాను దగ్గరుండి నిలబెట్టించాను. ప్రయోగశాలల వాళ్ళిచ్చిన ప్రశంసాపత్రాలు మూడు మా గోడకు వేలాడుతున్నాయి. మూడూ నా పేరు మీదే. అయినా గాజుపెట్టెలో ఉండే సన్న త్రాసు దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి చెయ్యి నా చేతికన్నా ఒక మెట్టు పైనే. ఆ చేతికి పని నేర్పింది నేనే కాబట్టి ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

మా దుకాణం ఎనిమిదడుగుల గది. మండు వేసవిలోనూ ఫ్యాను వేయం, గాలికి పళ్ళెం కదులుతుంది. సన్న త్రాసు ముందు కూర్చున్నవాడు ఊపిరి కూడా పక్కకు తిరిగి వదలాలి. ఆ గదిలో కూర్చుని తమ్ముడు ఈ లోకంలో తూచనిది లేదు. కత్తిరించిన మీసం వెంట్రుక తూచాడు. చచ్చిన దోమను తూచాడు. ఒకసారి తెల్ల కాగితం తూచి, దాని మీద నా చేత సంతకం పెట్టించి, మళ్ళీ తూచి, "అన్నయ్యా, నీ సంతకం బరువు నా సంతకానికి రెండింతలుంది" అన్నాడు. ఉండదా మరి అన్నాను.

అలాంటివాడికి నిద్ర పోయింది. వాడి భార్యకు, అంటే మా మరదలికి, మోకాలి ఆపరేషన్ అయినప్పుడు రెండు నెలలు వాడే ఆమెకు గంటగంటకూ లేచి సాయం పట్టాడు. ఆమె మోకాలు బాగైంది, మెట్లు కూడా ఎక్కుతోంది. వాడి నిద్ర మాత్రం వెనక్కి రాలేదు. పద్నాలుగు నెలలు. కునుకు పట్టీ పట్టకముందే మెలకువ. ఎనిమిదింటికే మంచమెక్కి నిద్ర కోసం పంతం పట్టేవాడు.

"నిద్రేమైనా మీకు బాకీ ఉందా, అలా కాపు కాస్తారు?" అనేది మరదలు.

"నువ్వు గురకపెడుతుంటే అది గుమ్మం దాకా వచ్చి భయపడి పోతోందే!"

ఇంట్లో నవ్వుకున్నా, దుకాణంలో నవ్వు రాలేదు. చిమటా అనే సన్న పట్టకారుతో పట్టిన తూకపు రాయి జారిపోవడం మొదలైంది. ఈ రాళ్ళంటే రేకు ముక్కలు, కొన్ని గోరులో సగం కూడా ఉండవు. కింద పడితే ఇద్దరం నేల మీద పాకుతూ వెతకాలి. పైగా తమ్ముడి లైసెన్సు పరీక్ష నాలుగు నెలల్లోకి వచ్చింది. అయిదేళ్ళకోసారి తూనికల శాఖ ఇన్‌స్పెక్టరు కావాలని పాడుచేసిన సన్న త్రాసును ముందు పెడతాడు. గంటలో దాన్ని సరిచేయాలి. చేయలేకపోతే లైసెన్సు పోతుంది, బల్ల మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. యాభై ఆరేళ్ళవాడు, ఇంకో పని రాదు.

మొదట చూపించిన డాక్టరు ఇచ్చిన నిద్రమాత్రలకు వాడు పగలు మాట మధ్యలో మాట మరిచిపోయాడు. అవి మాన్పించి, మనసు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ ఓపిగ్గా విని, ఇరవై అయిదు మిల్లీగ్రాముల మాత్ర రాత్రికి ఒకటి రాసింది.

కాగితమనేది చేతికొస్తే చివరి అక్షరం దాకా చదవడం నాకు అలవాటు. మాత్రల పెట్టెలో పదహారు మడతల కాగితం ఉంది. భూతద్దం పెట్టి మూడుసార్లు చదివాను. ఈ మందు ఎవరికంటే, లేని గొంతులు వినిపించేవాళ్ళకు, మనసు ఒకసారి ఆకాశంలో ఒకసారి పాతాళంలో ఉండేవాళ్ళకు అని ఉంది. నిద్ర పట్టనివాళ్ళకు అని ఎక్కడా లేదు. నిద్ర అనే మాట ఒక్కచోటే కనిపించింది, అదీ దుష్ఫలితాల జాబితాలో: "మత్తు, నిద్ర ముంచుకురావచ్చు."

"ఒరే, తోక ఊపుతుందని కుక్కను కొన్నట్టుందిరా ఇది" అన్నాను.

తమ్ముడి మొహం పాలిపోయింది. "అన్నయ్యా, ఎవరికీ చెప్పకు. పిచ్చికి మందు తింటున్నాడంటే నా చేతికి త్రాసెవడిస్తాడు?"

నెల తర్వాత రెండోసారి వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళి, ఆ కాగితం డాక్టరమ్మ ముందు పరిచాను. ఆవిడ కోప్పడలేదు.

"మీరు చదివింది నిజమే పెద్దాయనా. ఆ రెండు జబ్బులకే దీనికి అనుమతి ఉంది. అనుమతి లేని అవసరానికి కూడా డాక్టరు తన బాధ్యత మీద రాయొచ్చు. నిద్రకు చిన్న మోతాదులో చాలామంది రాస్తున్నారు. కానీ నిద్రకు ఇది గట్టిగా పనిచేస్తుందనడానికి రుజువులు తక్కువే. అందుకే ఎక్కువకాలం వాడించను, నెలనెలా చూస్తాను. మీ త్రాసులు తూచడానికి తప్ప ఇంకెందుకూ వాడరా?"

"పాత పళ్ళెంలో మా ఆవిడ పుదీనా పెంచుతోందండి" అన్నాడు తమ్ముడు.

"అదే. కాకపోతే ఆ పళ్ళేనికి నీళ్ళు పోయే చిల్లులుండవు. చూసి పొయ్యాలి. ఇంతకీ నిద్రెలా ఉంది?"

"గుడ్డిలో మెల్లండి."

ఆవిడ యాభై చేసింది. మరో నెలకు, "కొంచెం నయమండి" అన్నాడు. వంద చేసింది. వందతో వాడికి నిజంగానే నిద్ర పట్టింది. ఆరు గంటలు! చేతిలో రాయి జారడం ఆగింది. పరీక్షకు ఇంకా మూడు వారాలుంది. మరదలు నాకు ఫోన్ చేసి, "బావగారూ, ఇప్పుడాయన గురకకు నాకు నిద్ర లేదు" అని సంబరంగా చెప్పింది.

పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ ఫోన్. ఈసారి గొంతులో సంబరం లేదు.

"బావగారూ, ఆయన లేవలేకపోతున్నారు. లేపితే లేచారు, లేచి గోడ పట్టుకున్నారు. తొందరగా రండి."

వెళ్ళేసరికి వాడు మంచం అంచున ఒక కాలికే మేజోడుతో కూర్చుని, రెండోది చేతిలో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. పరీక్ష పదకొండింటికి. ఆటోలో వేసుకుని ముందు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆవిడ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూసింది. నిలబడగానే బాగా పడిపోతోంది.

"రాత్రి ఎన్ని వేసుకున్నారు?"

"ఒక్కటేనండి."

"రోజూ ఒక్కటేగా?"

తమ్ముడు తేలు కుట్టిన దొంగలా నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

"చెప్పండి" అంది మరదలు. "రోజూ దుకాణం నుంచి ఏదో పొట్లం తెచ్చుకుని వేసుకుంటారు డాక్టరుగారూ. నిన్న హడావిడిలో మరిచి వచ్చారు. ఇంకో షీటు నేనే కొనుక్కొచ్చి, చీటీలో ఒకటని ఉంది, ఒకటి వేసుకోండన్నాను."

"పొట్లంలో ఏముంది?"

ఇక దాచి లాభం లేదు. జరిగింది ఇది. మొదటి రోజే తమ్ముడు ఆ మాత్రను త్రాసులో వేశాడు. పెట్టె మీద ఇరవై అయిదు మిల్లీగ్రాములని ఉంది. పళ్ళెంలో నూట రెండు తూగింది! మరో మాత్ర వేశాడు, నూట ఒకటి. నన్ను పిలిచాడు. నేనూ తూచాను. నా చేతిలోనూ అంతే. ఇరవై అయిదని అచ్చువేసి నాలుగింతలు అంటగడతారా, మనిషి ప్రాణంతో చెలగాటమా అని నాకు ఒళ్ళు మండింది. కంపెనీకి రెండు పేజీల ఫిర్యాదు రాసి పోస్టు చేసింది కూడా నేనే. తమ్ముడు మాత్రం ఎదురు మాట్లాడకుండా బ్లేడుతో మాత్రను గీసి, సరిగ్గా ఇరవై అయిదు తూగే ముక్కను పొట్లం కట్టుకుని ఇంటికి పోయాడు. యాభై రాస్తే యాభై తూగే ముక్క. వంద రాస్తే, నాలుగు వందల పైన తూగే పెద్ద మాత్రలోంచి వంద తూగే ముక్క. ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ కాలేదు. అందులో మాత్రం వాణ్ణి వేలెత్తి చూపలేం.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"అయ్యా, ఆ అంకె మాత్ర బరువు కాదు, అందులో ఉన్న మందు బరువు. ఇరవై అయిదు మిల్లీగ్రాముల మందును ఉత్తగా ఇస్తే వేళ్ళకు అందదు. అందుకని పొడి కలిపి బిళ్ళ చేస్తారు. మీరు పొడితో సహా తూచారు."

నేను మనసులో లెక్క వేశాను. నాకన్నా ముందు తమ్ముడికే లెక్క తేలింది.

"అంటే మొదటి నెల నేను తిన్నది ఆరేనా?"

"ఆరు. తర్వాత పన్నెండు. వందకు పెంచానని నేననుకుంటుంటే, మీరు ఇరవై అయిదు దగ్గర హాయిగా నిద్రపోయారు. నేను మొట్టమొదట రాసింది అదే! నిన్న మాత్రం ఒక్కసారిగా దానికి నాలుగింతలు మింగారు. ఇంకా నయం, పడి తల పగలలేదు. కొన్ని మాత్రలు ముక్క చేస్తే విషమంత పని చేస్తాయి. ఇకమీదట ఏ మందునైనా చెప్పకుండా విరవొద్దు. ఈ పూట పనీ లేదు, బండీ లేదు. నెమ్మదిగా లేవండి, నెమ్మదిగా కూర్చోండి."

"పదకొండింటికి పరీక్షండి" అన్నాడు తమ్ముడు.

ఆవిడ ఏమీ దాచకుండా చీటీ రాసిచ్చింది. అందులో మందు పేరుంది.

తూనికల ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని ఆ చీటీని వాడు నాలుగు మడతలు వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు.

"జ్వరమని చెబుదాంరా" అన్నాను.

"చెయ్యి పట్టుకు చూస్తే? చల్లగా ఉన్నాను."

"పోనీ పరీక్షకు కూర్చో. నీ చెయ్యి మీద నాకు నమ్మకముంది."

"నాకు లేదన్నయ్యా. ఇప్పుడు ముట్టుకుంటే త్రాసు విరుగుతుంది. చీటీ ఇస్తే నా పేరు విరుగుతుంది. త్రాసు ప్రభుత్వానిది, పేరు నాదే." లేచి, గోడ పట్టుకుని, లోపలికి పోయాడు. వెనకే నేను.

ఇన్‌స్పెక్టరు నవ్వే మనిషి కాదు. చీటీ చదివి, కళ్ళజోడు తీసి, "ఇది పిచ్చికి వాడతారు కదూ?" అన్నాడు. వాళ్ళ బంధువొకరు వాడారట.

"అవునండి. దానికే చేశారు. నాకు నిద్రకిచ్చారు" అని తమ్ముడు మొత్తం చెప్పాడు. పళ్ళెం, బ్లేడు, పొట్లం, ఏదీ వదల్లేదు. నేను ఫిర్యాదు రాసిన సంగతి కూడా చెప్పాడు, అది చెప్పక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు అంతా విని, "ఇరవై అయిదని వేసి నూటరెండు తూగితే మోసం కాదా మరి?" అన్నాడు.

"పొడి కలుపుతారటండి."

ఆయన నమ్మలేదు. జేబులోంచి తన రక్తపోటు మాత్రల షీటు తీశాడు. దాని మీద అయిదని ఉంది. పరీక్ష కోసం పాడుచేసిన త్రాసును పక్కకు జరిపి, తన సొంత త్రాసు గాజు తలుపు పైకెత్తి, మాత్రను పళ్ళెంలో పెట్టాడు. ముగ్గురం ఊపిరి పక్కకు తిప్పుకుని చూశాం. నూట అరవై నాలుగు.

"పదకొండేళ్ళుగా మింగుతున్నాను. ఒక్కసారి తూచలేదు, చూశారా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, తన ఉద్యోగానికే తలవంపు వచ్చినట్టు.

తర్వాత నిబంధనల పుస్తకం తీశాడు. అభ్యర్థి దేహం, బుద్ధి స్వస్థంగా ఉండాలని అందులో ఉంది. ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి, తమ్ముడి వంక చూశాడు.

"బుద్ధి సరిగా లేనివాడైతే ఇవాళ త్రాసు ముందు కూర్చునేవాడే. వచ్చే నెల మూడో తారీఖు రండి. చెయ్యి స్థిరంగా ఉందని డాక్టరు చీటీ తెండి. మందు పేరు నాకక్కర్లేదు."

ఆ రోజు నుంచి తమ్ముడు ఇరవై అయిదు మాత్ర, తూచకుండా, నిండుగా ఒకటి వేసుకున్నాడు. డాక్టరమ్మ ఇంకొన్ని కూడా చెప్పింది: ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున ఒకే వేళకు లేవాలి, కళ్ళు బరువెక్కేదాకా మంచం ఎక్కకూడదు, పట్టకపోతే లేచి కుర్చీలో కూర్చోవాలి, పగలు దుకాణంలో కునుకు తీయకూడదు. ఈ కునుకు సంగతి నేను దగ్గరుండి చూశాను. "మందుకన్నా ఇదే అసలు వైద్యం, ఇది మొదటే పట్టుబట్టి చేయించాల్సింది" అని ఆవిడే ఒప్పుకుంది. తర్వాత రెండు నెలలకు ఆ మాత్రను తగ్గించి ఆపించింది కూడా ఆవిడే. ఇప్పుడు వాడికి అయిదున్నర గంటలు పడుతోంది. వారానికో రోజు అసలు పట్టదు.

ఇక ఆ మూడో తారీఖు పరీక్షకు నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ అద్దంలోంచి చూశాను. తమ్ముడు త్రాసును ముట్టుకోకుండా పది నిమిషాలు చూశాడు. తర్వాత పళ్ళేలు వేలాడే దూలాన్ని ఎత్తి, అది ఆనే కత్తి అంచు మీద ఇరుక్కున్న నలుసును ఈకతో తీశాడు. ముల్లు ఇంకా వాలుగానే ఉంది. ఎడమ పళ్ళెం కొక్కెం వంగిందని పట్టుకుని, దాన్ని చిమటాతో వెంట్రుకవాసి సర్దాడు. చిమటా వణకలేదు. ఇన్‌స్పెక్టరు వరసగా ఏడు రాళ్ళు వేసి చూసి, కాగితం మీద ముద్ర కొట్టాడు.

నలభై రెండు నిమిషాలు పట్టింది. నా రోజుల్లో నాకు ముప్పై ఎనిమిదే పట్టింది. కానీ నాకిచ్చిన త్రాసులో లోపం ఒక్కటే. వాడిదాంట్లో రెండు.