యంత్రానికి పెట్టిన బొట్టు

మందుల డబ్బా విప్పగానే మాత్రల కంటే ముందు చేతికి తగిలేది ఒక మడత కాగితం. దాన్ని మీరు చదవరు, నేనూ చదవను. చీమ తలకాయంత అక్షరాలు. తీసి పక్కన పడేసి మాత్ర మింగుతాం. కానీ ఎవరూ చదవని ఆ కాగితం ఒక మందు డబ్బాలోది ఇంకో మందు డబ్బాలోకి పోయిందా, కొంపలు మునుగుతాయి. షుగరు మాత్రల్లో కడుపునొప్పి కాగితం దొరికిందంటే మందుల కంపెనీవాళ్లు సరుకంతా వెనక్కి పంపిస్తారు. అలా మునగబోయే కొంపల్ని కాపాడడం మా పని. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో, ఆ కాగితాలు అచ్చేసే ఒక రేకుల షెడ్డులో నేను పనిచేస్తాను.

మా యజమాని పొదుపరి. పెద్ద షీటు మీద ఒక్క మందు కాగితమే వేస్తే అంచులు వృథా పోతాయని మూడు నాలుగు మందులవి కలిపి అచ్చేయిస్తాడు. కోత మిషను కింది నుంచి బయటికి వచ్చేసరికి అన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు. కట్టలు ఇద్దరి చేతులు మారేసరికి ఏది ఏదో కన్నతల్లి కూడా చెప్పలేదు. ఇలా కలపడాన్ని పొదుపు అంటారు, కలిసినవాటిని విడదీయడాన్ని నాణ్యత అంటారు. రెండింటికీ మా గోడ మీద వేర్వేరు పోస్టర్లున్నాయి.

విడదీసే పని టేబుల్ దగ్గర కూర్చునే మా ఆడవాళ్లది. ప్రతి కాగితం అంచునా చిన్న నల్ల గీతలుంటాయి, ఒక్కో మందుకు ఒక్కో చోట. కట్టను నిలబెట్టి పక్క నుంచి చూస్తే ఆ గీతలన్నీ కలిసి ఒకే నల్ల పట్టీలా కనబడాలి. పట్టీ ఎక్కడైనా తెగిందంటే అక్కడ పరాయి కాగితం దూరిందని లెక్క. దాన్ని లాగేయాలి. ఇంతే విద్య. రెండు రోజులు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది, రెండేళ్లు కూర్చుంటే మెడ పోతుంది.

మాలో అందరికంటే పెద్దామెను మేమంతా అక్క అని పిలుస్తాం. గుమ్మడిదల దగ్గరి పల్లె ఆమెది. భర్త పోయాక పటాన్‌చెరు కూలీల అడ్డా మీద పొద్దున్నే నిలబడి, మేస్త్రీ వేలు చూపిస్తే లారీ ఎక్కి, స్లాబులు పోసే పనికి పోయేది. అక్కడి నుంచి ఫ్యాను కింద కూర్చునే ఈ పనికి వచ్చింది. కూతురు సంగారెడ్డిలో ఇంటర్ చదువుతోంది. మెడ నొప్పి అని మేమెవరం మూలిగినా, అడ్డా మీద నిలబడి చూడండి, అప్పుడు మెడ ఒక్కటే నొయ్యడం ఎంత అదృష్టమో తెలుస్తుంది అనేది. ఆ అడ్డాకు మళ్లీ పోవలసి వస్తుందేమో అన్నదే ఆమెకున్న ఒకే ఒక భయం.

ఆ భయానికి తగ్గట్టే యంత్రం వచ్చింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. దాని మీది ప్లాస్టిక్ కవరు విప్పిన రోజు మేనేజరు సారు పెళ్లికొడుకును చూపించినట్టు దాన్ని అందరికీ చూపించాడు. అది గాలితో ఒక్కో కాగితాన్ని పీల్చి ఎత్తుతుంది, కెమెరా ముందు నుంచి పోనిస్తుంది, అంచు గీతలు చూసి ఏ మందుది ఆ మందు అరలో పడేస్తుంది. అర్థం కాని కాగితాన్ని రిజెక్టు డబ్బాలోకి తోస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, అబద్ధమెందుకు? ఇది సెలవడగదు, బతుకమ్మకు ముందుగా ఇంటికి పోతాననదు, పక్కదానితో ముచ్చట్లు పెట్టదు అని మేనేజరు సారు మా వైపు చూస్తూ దాని గుణగణాలన్నీ వివరించాడు. దసరా పూజ కాగానే పనంతా దానికి అప్పజెప్పి టేబుల్ తీసేస్తారని కూడా అప్పుడే తెలిసింది.

దసరా పూజ ఘనంగా జరిగింది. బంతిపూల దండలు, నిమ్మకాయలు, గుమ్మడికాయ, అన్నీ వచ్చాయి. యజమాని భార్య, మా మేడం, పట్టుచీరలో వచ్చింది. ముత్తైదువ చేతి బొట్టు కదా, ఎదురుగా ఎవరు ఉండొచ్చో ఎవరు ఉండకూడదో మేనేజరు సారు ముందే చూసుకున్నాడు. అక్కను జెర పక్కకు జరగమని చెప్పడానికి వెతికితే, ఆమె అప్పటికే గేటు దగ్గర చెప్పుల పక్కన నిలబడి ఉంది. చెప్పించుకునే అలవాటు ఆమెకు లేదు.

బొట్టు దగ్గర ఒక చిక్కు వచ్చింది. యంత్రానికి ఉన్నది కెమెరా అనే ఒకే ఒక కన్ను. మరి నుదురేది? చదువుకున్న నలుగురూ చర్చించి కంటికి పైన ఉన్నదే నుదురు అని తేల్చారు. మేడంది పెద్ద చెయ్యి. పసుపు, గంధం ధారాళంగా పూసి, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. గంధం పల్చగా కలిపినట్టున్నారు. మేము కొబ్బరిముక్కలు తింటుండగా అది నింపాదిగా జారి, కుంకుమను వెంటబెట్టుకుని, కెమెరా అద్దం మీదికి దిగి అక్కడే ఎండిపోయింది. నేను చూశాను. అందరూ చూశారు. లక్ష్మి కిందికి దిగుతోందని ఎవరో అన్నారు కూడా.

సెలవు తర్వాత మిషను ఆన్ చేశారు. అది మొదటి కాగితాన్ని రిజెక్టు డబ్బాలోకి తోసింది. రెండోదాన్నీ తోసింది. బండిల్ మొత్తం అందులోకే పోయింది. పిల్లనిచ్చే ఇంట్లో దేనికీ సంతోషపడని మేనమామలా ఏ కాగితం చూపించినా ఇది మనది కాదు పొమ్మంది. సాయంత్రానికి లారీ పోవాలి. మేనేజరు సారు యంత్రం అమ్మినవాళ్ల ఇంజినీరుకు వీడియో కాల్ చేసి మిషను చూపించాడు. అతను ఒక్క క్షణం చూసి, కెమెరా అద్దం తుడవండి అని చెప్పి పెట్టేశాడు.

తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే అయిపోయే పని. మా షెడ్డులో అది పూట గడిచినా కాలేదు. మేడం చేతి బొట్టు, పైగా దసరా బొట్టు. ఎవరు తుడుస్తారు? మిషను నడిపేవాడు బీహార్ నుంచి వచ్చినవాడు. ఊళ్లో భార్య నెల తప్పిందని, తను ముట్టనని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కోత మిషను అతను అప్పుడే టీ తాగొచ్చి మళ్లీ టీకి పోయాడు. మేనేజరు సారు మణికట్టుకు ఎర్రదారాలు, పచ్చదారాలు, వేళ్లకు ఉంగరాలు. ఏ గ్రహం ఎటు తిరిగినా ఒక వేలు కాపాడుతుందన్న ఏర్పాటు అది. ఆ చేతుల్ని ఆయన జేబుల్లోంచి బయటికి తీయలేదు. ఆయన వెనక గోడ మీద, యంత్రాన్ని రోజూ శుభ్రం చేయాలన్న పోస్టరు మూడు భాషల్లో ఉంది.

అప్పుడాయన చూపు మా టేబుల్ మీద పడింది. నేరుగా వచ్చి అక్క పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ స్టూలు మీద కూర్చోగా నేను చూడలేదు. చేతిలో ఉతికిన గుడ్డ ఉంది, దాన్ని ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు తుడిస్తే ఏం కాదు గదమ్మా," అన్నాడు. "జెర ఒక్కసారి తుడువు. టేబుల్ తీసేసినా గూడ నిన్ను మిషన్ కాడనే ఉంచుత. నాది పూచీ."

ఎంత మర్యాదగా అన్నాడో. నువ్వు తుడిస్తే ఏం కాదు అంటే, పోవడానికి నీ దగ్గర ఇంకేం మిగల్లేదు అని. పూజకు గేటు దగ్గర నిలబడాల్సిన మనిషి తుడవడానికి మాత్రం మిషను ముందు నిలబడొచ్చన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గుడ్డ ఇటివ్వండి, నేను తుడుస్తానని లేచాను.

ఆయన అదిరిపడ్డాడు. మెడలో పుస్తె ఉన్నదానివి, నీకెందుకమ్మా, రేపు ఏదన్నా అయితే మాట మా మీదికి వస్తుంది అన్నాడు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని టేబుల్ దగ్గర చాలాసార్లు ఉపన్యాసాలిచ్చాను. కానీ నా భర్త లారీ డ్రైవరు. ఆ రోజు ముత్తంగి దగ్గర రింగు రోడ్డు ఎక్కి నాగపూర్ వైపు పోతున్నాడు. ఆ రోడ్డు కళ్లముందు మెదిలేసరికి నా హేతువాదం ముత్తంగి కూడా దాటలేదు. లేచినదాన్ని లేచినట్టే నిలబడిపోయాను.

అక్క ఆ గుడ్డ వైపు చూసింది. అది తీసుకుంటే అడ్డా బాధ తప్పుతుంది, కూతురి చదువు సాగుతుంది. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి టేబుల్ చివర పెట్టింది. ఇంకో కట్ట ముందుకు లాక్కుని అంచు చూడడం మొదలుపెట్టింది.

మేనేజరు సారు లేచిపోయి పూజారికి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి షెడ్డంతా విన్నాం. పెట్టిన బొట్టును చేత్తో తుడవడం దోషమట. కానీ జలంతో అభిషేకం చేస్తే దానంతటదే పోతుంది, అలా పోతే దోషం లేదట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఈ పూజారి మంచివాడు, అడగ్గానే ఇచ్చేశాడు. ముందు కరెంటు తీయమని ఆయన చెప్పలేదు. గుడిలో అభిషేకానికి ఎవరు తీస్తారు గనక?

బీహార్ అబ్బాయి నీళ్ల సీసా పట్టుకొచ్చాడు. మేనేజరు సారు చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ కెమెరా మీద పోశాడు. బొట్టు శుభ్రంగా పోయింది, పూజారి మాట తప్పలేదు. దానితోపాటే నీళ్లు లోపలికి పోయాయి. టప్‌మని చప్పుడైంది, కాలిన వాసన వచ్చింది, షెడ్డులో సగం లైట్లు ఆరిపోయాయి. ఇంజినీరు మళ్లీ వీడియోలో చూసి కెమెరా పోయింది, లోపలి బోర్డు కూడా పోయింది, బయటి దేశం నుంచి తెప్పించాలి అన్నాడు. అవి వచ్చేదాకా టేబుల్ ఉండనివ్వమని యజమాని ఫోన్లో చెప్పాడు. అవి ఇంకా వస్తూనే ఉన్నాయి. నాకు సంతోషమైంది. దాచుకోవాల్సిన సంతోషమేం కాదది.

లారీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. రిజెక్టు డబ్బాలోని కాగితాలన్నీ మా ముందు కుమ్మరించారు. మేమంతా తలలు వంచి ఏరుతున్నాం. మేనేజరు సారు ఖాళీ సీసాతోనే అటూ ఇటూ తిరిగి, యజమాని తిట్లన్నీ ఎవరి మీద దింపాలో తెలియక చివరికి అక్క ముందు ఆగాడు.

"ఒక్క చెయ్యి ఆడిస్తే అయిపోతుండె," అన్నాడు. "ఏం పోయేదమ్మా నీకు?"

అక్క కట్ట అంచు మీది నుంచి చూపు తిప్పలేదు.

"నా బొట్టు తుడిసిన నాడు ఎవ్వలు పూజారికి ఫోన్ చెయ్యలే సార్," అన్నది. "నీళ్లు గూడ పొయ్యలే. చేతులతోనే తుడిసిండ్రు."