కడిగి తెచ్చిన కారు

మా వీధిలో ఏసీ మేస్త్రితో వేగడం కష్టం. ఆయన పక్క షెడ్డులోనే నేను కార్ల సీట్లకు కవర్లు కుడతాను కాబట్టి ఆ కష్టం ఎంతో నాకు బాగా తెలుసు. ఎవరైనా కారు ఆపి, అద్దం దించి, "మేస్త్రీ, చల్లగా రావట్లేదు, కాస్త గ్యాస్ కొట్టు" అన్నారో, ఆ పూట వాళ్ళకు మూడినట్టే.

"గ్యాస్ ఏమన్నా పెట్రోలా, నడిపితే అయిపోవడానికి? అది లోపలే తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడింది. చిల్లు చూడకుండా కొడితే రేపు మళ్ళీ వస్తావు, నన్ను తిట్టుకుంటూ వస్తావు. ఇష్టమైతే బండి వదిలిపెట్టు, లేకపోతే దారికి అడ్డం తియ్యి."

సగం మంది అడ్డం తీసేస్తారు. మిగిలిన సగం మందితో ఆయన రోజులు గడుస్తున్నాయి. నోరు మంచిదైతే ఈపాటికి ఇంకో రెండు షెడ్లు ఉండేవని నేనంటే, నీ సూది పని నువ్వు చూసుకో అంటాడు.

చిల్లు వెతకడంలో ఆయనకో పద్ధతి ఉంది. గ్యాస్‌తో పాటు గొట్టాల్లో కొంచెం నూనె కూడా తిరుగుతుందట. చిల్లున్న చోట గ్యాస్ కంటికి కనబడకుండా పోతుంది కానీ, నూనె మాత్రం బయట అంటుకుని దుమ్ము పట్టేస్తుంది. అందుకని పాత కారు రాగానే ఆయన పరికరాల జోలికి పోడు. బానెట్ ఎత్తి, ఒక్కో అతుకు కిందా వేలు పెట్టి తుడిచి, ఆ వేలిని వెలుతురులోకి తెచ్చి చూసుకుంటాడు. వేలికి నల్లటి జిడ్డు వచ్చిన చోట సబ్బు నురగ పూసి బుడగ కోసం కనిపెట్టుకుని కూర్చుంటాడు. కాబట్టి మురికి బండి అంటే ఆయనకు ప్రాణం. తళతళలాడే బండిని చూస్తే ఒళ్ళు మంట.

అలాంటి మనిషికి దొరికిన బావ, అంటే అక్క మొగుడు, ఎలాంటివాడో చెప్పాలి. ఆ బావ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక కంపెనీ యజమానికి కారు నడిపాడు. టైర్ల గాడుల్లో మట్టి కనబడినా ఆ యజమాని బండెక్కేవాడు కాదట. ఉద్యోగం అయిపోయింది గానీ చేతికి పట్టిన అలవాటు వదల్లేదు. సొంతానికి కొనుక్కున్న పాత కారుని రోజూ తెల్లారకముందే కడుగుతాడు. పైపైన కాదు, బానెట్ కింద, చక్రాల వెనక, అన్ని సందుల్లోనూ. ఆ కారు నా షెడ్డు ముందు ఆగితే అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

మేస్త్రి అక్కకు కిడ్నీలు చెడిపోయి, రోజు విడిచి రోజు డయాలసిస్ మొదలయ్యాక బావకు ఈ కడుగుడు మరీ ఎక్కువైంది. దుమ్మూ ధూళీ లేకుండా చూసుకోమని ఆసుపత్రిలో నర్సు ఏదో సందర్భంలో అందట. నర్సు మంచం సంగతి చెప్పింది, ఈయన కారుకి కూడా వర్తింపజేశాడు. జబ్బు ఆయన చేతిలో లేదు, మందులు ఆయన చేతిలో లేవు. ఉన్నది బకెట్టూ గుడ్డా.

ఆ కారులోనే ఏసీ పోయింది.

వేసవి. ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. డయాలసిస్ అయ్యాక ఆమెకు ఎలాగూ నీరసం, దానికి తోడు మధ్యాహ్నపు ఎండలో కాలిన కారు. మొదటిసారి బావ బండి తెచ్చినప్పుడు మేస్త్రి వేలు పెట్టి తుడవని అతుకు లేదు. తుడిచిన ప్రతిసారీ వేలు శుభ్రంగానే వచ్చింది. గాలి ఎక్కించి చూస్తే, చల్లగా నిలబడ్డ బండిలో మీటరు ముల్లు కదల్లేదు. వేడెక్కి పరిగెత్తుతున్నప్పుడే కారే చిల్లన్నమాట. మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎవరికీ చేయని పని మేస్త్రి అక్క కోసం చేశాడు. చిల్లు దొరక్కుండానే గ్యాస్ కొట్టి పంపించాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"నోరు మూసుకో" అన్నాడు, నేను ఇంకా ఏమీ అనకముందే.

కొన్నాళ్ళకు గ్యాస్ పోయింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ పోయింది. ఈసారి లోపల రంగు కలిపాడు. కారిన చోట నీలం దీపం వేస్తే రంగు మెరిసి పట్టిస్తుంది. బావ ఆ రంగుని కూడా కడిగేసి తెచ్చాడు.

"బావా, మీకు దణ్ణం పెడతాను, ఒక్క వారం బండి కడక్కండి. ఆ జిడ్డుంటేనే నాకు దారి తెలుస్తుంది."

"సరేనోయ్" అన్నాడు బావ. వారం తిరిగేసరికి బండి అద్దంలా వచ్చింది. "ఏం చెయ్యను చెప్పు? మీ అక్క కూర్చునే బండి. పైగా మురికి బండి వేసుకుని బావమరిది దగ్గరికి వస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

ఇంకొకరైతే మేస్త్రి ఏమనేవాడో నాకు తెలుసు. బావ కాబట్టి పళ్ళు కొరుక్కుని, గ్యాస్ సిలిండర్ వైపు నడిచాడు.

ఒక మధ్యాహ్నం ఆ కారు ఇంటికి పోకుండా ఆసుపత్రి నుంచి నేరుగా మా షెడ్ల ముందుకొచ్చి ఆగింది. దారిలో గాలి వేడెక్కిపోయి, ఆమెకు కళ్ళు తిరిగాయట. నేను బట్ట కత్తిరించే బల్ల ఖాళీ చేసి, ఫ్యాను పెట్టి పడుకోబెట్టాను. మొహం పాలిపోయి ఉంది. బావ పక్కనే నిలబడి అట్టముక్కతో విసురుతున్నాడు, ఫ్యాను తిరుగుతున్నా సరే.

"ఒరేయ్ తమ్ముడూ" అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "ఇంక నేను వెళ్ళనురా ఆసుపత్రికి. ఆ సూదులకి ఓర్చుకుంటాను గానీ, ఈ పెనం మీద కూర్చుని రావడం నావల్ల కాదు. జరిగినన్నాళ్ళు జరుగుతుంది."

వెళ్ళకపోతే ఏమవుతుందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు, పడుకున్న ఆమెకు అందరికంటే బాగా తెలుసు. మేస్త్రి గిరుక్కున తిరిగి కారు దగ్గరికి పోయాడు. నేనూ వెనకే వెళ్ళాను.

మొట్టమొదటిసారి ఆ కారు దుమ్ముతో ఉంది. ముందు బంపరు సందులోంచి చూస్తే, కింది మూల ఒక్కచోట దుమ్ము తడిసి నల్లగా ముద్ద కట్టింది. మేస్త్రి బంపరు ఊడదీశాడు. వెనకాల సన్నటి రేకులు పేర్చినట్టుండే కండెన్సర్, దాని అడుగు గొట్టంలో సూది మొనంత చిల్లు. నురగ పూయగానే బుడగ లేచింది. చిల్లు చుట్టూ రేకుల మీద సన్నటి గీతలున్నాయి, ఒకే వైపు, పక్కపక్కనే, ఎవరో ఓపిగ్గా గీసినట్టు.

రాయి తగిలితే గీతలు అలా పడవు. మేస్త్రి డిక్కీ తెరిచాడు. బకెట్టు, మడత పెట్టిన గుడ్డలు, పక్కన ఫ్లాస్కులు కడిగే పొడుగాటి బ్రష్షు. చేయి దూరని సందుల కోసం బావ దాన్ని వంచి పెట్టుకున్నాడు. కొసన కుచ్చు అరిగిపోయి, మెలితిప్పిన తీగ మొన బయటికొచ్చి ఉంది. మేస్త్రి ఆ మొన తెచ్చి చిల్లు దగ్గర పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. బ్రష్షుని తీసుకెళ్ళి చెత్త డ్రమ్ములో పడేశాడు.

"దొరికిందా?" బావ అట్టముక్కతోనే పరిగెత్తుకొచ్చాడు.

"దొరికింది. రోడ్డు మీద రాయి ఎగిరి తగిలింది బావా. పాత బండ్లకి మామూలే."

అంత మెత్తగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చెప్పేయాల్సింది అని నాకనిపించింది, లేకపోతే ఇంకో బ్రష్షు కొంటాడు కదా. కానీ బావ మొహం చూశాక నేనూ రాయేనన్నట్టు తలూపాను. పాత సామాన్ల షెడ్డులో అలాంటి బండిదే మంచి కండెన్సర్ దొరికింది. సాయంత్రానికి బిగించి, లోపలి గాలంతా లాగేసి, ముల్లు కదలడం లేదని తేల్చుకున్నాకే గ్యాస్ ఎక్కించాడు. బకెట్టు సర్దుకోవడానికి డిక్కీ తెరిచిన బావ ఏదో వెతుక్కున్నాడు. తర్వాత డ్రమ్ము వైపు చూశాడు. బ్రష్షు తీగ మొన పైకే కనబడుతోంది. చివరికి డిక్కీ మూసేసి, ఆమెను లేపడానికి వచ్చాడు.

వారం పైన అయ్యాక, ఆసుపత్రి నుంచి వస్తూ ఆ కారు మళ్ళీ ఆగింది. మేస్త్రి చేతిలో పానా వదిలేసి ఒక్క అంగలో బయటికొచ్చాడు. తలుపులు తళతళలాడుతున్నాయి, చక్రాలు తళతళలాడుతున్నాయి. బంపరు సందుల్లో మాత్రం దుమ్ము, చచ్చిన పురుగులు, ఒక ఎండుటాకు. బావ స్టీరింగ్ పట్టుకుని నేరుగా ముందుకే చూస్తున్నాడు.

అద్దం దిగింది. లోపలి చల్లదనం గుమ్మంలో ఉన్న నాదాకా వచ్చింది.

"ఒరేయ్, చలికి వణికి చస్తున్నానురా. తగ్గించమంటే ఈయన వినడు. నువ్వైనా చెప్పు" అంది ఆమె.

వీధిలో ఎవరేమన్నా తడుముకోకుండా తిప్పికొట్టే మనిషి, ఒకసారి బంపరు సందులోని దుమ్ము వైపు, ఒకసారి బావ వైపు చూశాడు.

"శాలువా కప్పుకో అక్కా" అన్నాడు.